కోటు కాల్చిన పుస్తకం

మా బాబాయి గురించి వీధిలో ఒక కథ తిరుగుతోంది. పుస్తకంలో ఎవరో చచ్చిపోతుంటే ఏడుస్తూ వకీలమ్మ గారి నల్లకోటు మీద ఇస్త్రీ పెట్టె వదిలేశాడట. కోటు భగ్గుమందట. పొగలో నిలబడి కూడా "ఒక్క పేజీ ఉంది, ఆగండి" అన్నాడట. పాలు పోసే ఆయన చెప్పినప్పుడు కాలింది కోటు ఒక్కటే. మందుల కొట్టు దగ్గరికి వచ్చేసరికి కోటుతో పాటు బల్ల కూడా పోయింది. బస్టాండు చేరేసరికి బాబాయి ఇస్త్రీ కొట్టు మొత్తం బూడిదైంది. నేను రోజూ ఆ కొట్లోనే కూర్చుని బట్టలు మడతపెడతాను కాబట్టి కొట్టు కాలలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

బాబాయి అంటే మా పిన్ని భర్త. ఇస్త్రీ పని ఆయనది. ఐదంతస్తుల మేడకి ఎదురుగా, మెకానిక్ షెడ్డు పక్కన ఒక గది, అదే కొట్టు. ఒక వైపు బల్ల, దాని మీద రెండు పాత కంబళ్ళు, వాటి పైన తెల్ల దుప్పటి. వెనక అరల్లో మూటలు. బల్లకి ఎదురుగా గోడ మీద ఒక హ్యాంగరు తీగ ఉంటుంది. దాన్ని వంచీ వంచీ పుస్తకం నిలబడేలా చేశాడు బాబాయి. పేజీలు మూసుకుపోకుండా చెరో పక్కా బట్టల క్లిప్పు. కుడిచేత్తో ఇస్త్రీ, ఎడమచేత్తో పేజీ. అలా ఆయన ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాడు.

దీనికి రెండు నియమాలున్నాయి. నేను పనిలో చేరిన మొదటిరోజే చెప్పాడు. "దుప్పట్లకి చదవొచ్చు, కాలర్లకి చదవకూడదు. పేజీ తిప్పాలంటే ముందు పెట్టె నిలబెట్టాలి. ఈ రెండూ గుర్తుంటే చాలు, మిగతాది చెయ్యే నేర్చుకుంటుంది."

పుస్తకాన్ని ఆయన పేజీల్లో కొలవడు, మూటల్లో కొలుస్తాడు. ఎన్ని మూటలు ఇస్త్రీ చేసేలోపు అయిపోతుందో అది దాని పొడుగు. సన్నవి రెండు మూటల పుస్తకాలు. లావువి పదిహేను, ఇరవై. చాలావాటికి అట్టలు ఊడిపోయి ఉంటాయి కాబట్టి పేర్లు ఎవరికీ గుర్తుండవు. తేనెటీగల పుస్తకం, ముగ్గురు అక్కచెల్లెళ్ళ పుస్తకం, గడియారాలాయన పుస్తకం అనే అంటారు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా మొదలైందో పిన్ని చెప్పింది. ఎప్పుడో ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ మూటలో, దిండు గలీబు లోపల ఒక పుస్తకం మర్చిపోయి వచ్చిందట. బాబాయి అది చదివి, గలీబు ఇస్త్రీ చేసి, చీటీ రాసి పంపాడు. "పుస్తకం బాగుంది. గలీబు మూల చిరిగింది, చూసుకోండి." మరుసటి వారం ఆవిడ గలీబు కుట్టుకుని, ఇంకో పుస్తకం పెట్టి పంపింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళు, ఆ పైవాళ్ళు. నేను వచ్చేసరికి మేడలో సగం ఇళ్ళ నుంచి మూట మీద పుస్తకం పెట్టుకునే వచ్చేది. బాబాయి వాళ్ళనడిగి ఒకరిది ఇంకొకరికి పంపేవాడు. ఎవరికి ఏది పంపాలో ఆయనకి బట్టలు చెబుతాయి.

"జేబుల్లో కాయితాలు మర్చిపోయేవాళ్ళకి లావు పుస్తకం ఇవ్వకు అమ్మడూ. సగంలోకొచ్చేసరికి ఎవరు ఎవరి అన్నో మర్చిపోయి మనల్ని తిడతారు. ఒకే రంగు చొక్కాలు ఐదు కొనుక్కునేవాళ్ళకి వింత కథలు ఇవ్వకు, జడుసుకుంటారు."

"మరి కండక్టరు గారికి?"

"వాడి చొక్కాకి ఎప్పుడూ పై గుండీ ఉండదు. మెడ పట్టనివ్వని మనిషి. ఏదైనా ఇవ్వొచ్చు."

బస్సు కండక్టరు వారానికి రెండుసార్లు యూనిఫారాలు తెచ్చేవాడు. వస్తూనే గుమ్మంలో నిలబడి, "అన్నా, తీగ మీద ఏముంది?" అనేవాడు. అది మా కొట్లో పలకరింపు. ఒంట్లో ఎలా ఉంది అని ఎవరూ అడగరు. ఆయనకి దొంగలూ పోలీసులూ ఉంటేగాని పుస్తకం కాదు. ఒకసారి బాబాయి తేనెటీగల పుస్తకం చేతిలో పెట్టాడు.

"నేనేమన్నా తేనె అమ్ముతానా?" అన్నాడు కండక్టరు.

"తీసుకెళ్ళు. నాలుగు మూటలే."

వారం తిరిగేసరికి మనిషి మారిపోయి వచ్చాడు. "అన్నా, ఆ రాణి ఈగ ఎంత గడుసుదో తెలుసా? దాని ముందు దొంగలెంత. టికెట్లు కొట్టడం మానేసి ఈగల గురించి చెబుతున్నానని డ్రైవరు బండి ఆపేశాడు."

నర్సమ్మది ఒకటే షరతు. "చావులు లేనిది ఇవ్వు తమ్ముడూ. అవి నాకు డ్యూటీలో సరిపోతున్నాయి." బాబాయి ఆవిడ కోసం పుస్తకం ముందే చదివి, లోపల ఎవరైనా చస్తే ఆ పేజీకి క్లిప్పు పెట్టి పంపేవాడు. ఆవిడ క్లిప్పు దగ్గర ఆగి, నాలుగు పేజీలు దాటి, మళ్ళీ మొదలుపెట్టేది. "తమ్ముడి పుస్తకాల్లో అందరూ నిండు నూరేళ్ళు బతుకుతారు" అని మిగతావాళ్ళకి చెప్పేది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకి జబ్బు చేసింది. ఇంట్లో చెయ్యడానికి ఇంకెవరూ లేరు. అమ్మ లేచి తిరిగేసరికి నా తోటివాళ్ళు బడి దాటిపోయారు, నాకు మళ్ళీ చిన్నపిల్లల మధ్య కూర్చోబుద్ధి కాలేదు. పిన్ని వచ్చి తీసుకెళ్ళింది. కొట్లో మడతపెట్టడం, మేడకి మూటలు చేర్చడం నా పని. ఏడాది పాటు నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఈ పిల్లకి మాటలొచ్చా?" అని కండక్టరు అడిగాడొకసారి.

"వచ్చు. దాచుకుంటోంది" అన్నాడు బాబాయి.

మొదటి పుస్తకం ఆయన నాకు ఇవ్వలేదు. మడతపెట్టాల్సిన దుప్పట్ల మీద పెట్టి, "ఇది కూడా చూడు" అన్నాడు. మూడు రోజుల్లో చదివేశాను. ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను.

"బాగుంది అన్నది బట్టలకి చెప్పే మాట. పుస్తకానికి ఇంకేదైనా చెప్పు."

చెప్పాలనే ఉండేది. ఆ గడియారాలాయన ఊళ్ళో అందరి గడియారాలూ బాగుచేస్తాడు గాని వాళ్ళావిడ భోజనానికి పిలిచిన టైముకి ఒక్కసారీ వెళ్ళడు, అది చదివి నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి అని చెప్పాలి. మాటలన్నీ వరసగా పళ్ళ వెనక దాకా వచ్చి అక్కడ నిలబడిపోయేవి. బాబాయి కాసేపు చూసి, "సరే, ఇంకో మూట అయ్యాక చెబుదువులే" అనేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి. నేను చదివిన పుస్తకాలు నలభై దాటాయి, వాటి గురించి చెప్పిన మాట ఒక్కటే, "బాగుంది."

పిన్నికి మా ఇద్దరి మీదా జాలే. "రేపట్నించి మీ కంచాల్లో చెరో పుస్తకం వడ్డిస్తాను. ఉప్పు సరిపోయిందో లేదో చదివి చెప్పండి" అనేది.

ఇక కోటు సంగతి.

వకీలమ్మ మేడలో మూడో అంతస్తులో ఉంటుంది. మేడ సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే. మూటతో పాటు ఏ బట్టలు ఎన్నో రాసిన కాయితం పంపుతుంది, పుస్తకం మాత్రం ఎప్పుడూ పంపలేదు. "కేసు కాయితాలు చదవడానికే నా కళ్ళు చాలడం లేదు, మళ్ళీ ఈ కట్టుకథలా" అంటుంది. ఒకరోజు ఆవిడ నల్లకోటు బల్ల మీద ఉంది. తీగ మీద పడవ నడిపే ఆవిడ పుస్తకం ఉంది. ముందు వాసన వచ్చింది. తర్వాత సన్నగా పొగ. పెట్టె లేపేసరికి వీపు మధ్యలో దాని మూతి అచ్చు పడి ఉంది, ఆకు ముద్ర వేసినట్టు. మంటా లేదు, ఏడుపూ లేదు. బాబాయి కోటు ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూశాడు. అచ్చులోంచి వీధి కనబడింది.

అదే సాయంత్రం ఆయన దర్జీ దగ్గర కూర్చుని, కోటు అంచు లోపల మడిచిన గుడ్డ తీయించి, అతుకు వేయించాడు. దగ్గరగా చూస్తేగాని తెలియదు. వకీలమ్మ దగ్గరగానే చూసింది.

"ఏమిటిది?"

"కాలిందమ్మా. తప్పు నాదే. పుస్తకంలో పడిపోయాను."

"రేపు జడ్జి గారి ముందు నిలబడి, నా వీపు మీద ఇస్త్రీ ఆయన చదువుకున్నాడండీ అని చెప్పనా?"

బాబాయి తల వంచుకున్నాడు.

"ఊరికే తిట్టి పోతాననుకోకు. ఇక మీదట ఈ కొట్లో పుస్తకం కనిపించిందంటే మా మేడ నుంచి ఒక్క మూట కూడా రాదు. సంఘంలో చెప్పి మరీ మానిపిస్తాను. ఇవాళ నా కోటు, రేపు ఇంకొకళ్ళది."

"కనిపించదమ్మా. మాటిస్తున్నాను."

మేడలో ఇరవై ఎనిమిది ఇళ్ళు. మా పనిలో ముప్పావు వంతు అక్కణ్ణించే. ఆ రాత్రికల్లా బాబాయి పుస్తకాలన్నీ సంచుల్లో సర్దాడు. ఎవరివి వాళ్ళకి పంపేశాడు, తనవి పిన్ని మంచం కిందికి చేర్చాడు. తీగ ఒక్కటే గోడ మీద మిగిలింది.

ఆ తర్వాత ఆరు వారాలు కొట్టు చూడలేకపోయాను. బాబాయి ఎప్పటిలాగే పనిచేసేవాడు. కానీ ప్రతి రెండు మూడు నిమిషాలకీ పెట్టె నిలబెట్టి ఎడమచెయ్యి చాపేవాడు. తిప్పడానికి పేజీ లేదని గుర్తొచ్చి, మళ్ళీ పెట్టె అందుకునేవాడు. ఒకరోజు గంజిపొడి డబ్బా చుట్టూ తిప్పి తిప్పి చదువుతుంటే పిన్ని చూసింది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"మొదలు బాగానే ఉంది. చివర్లో పిల్లలకి అందకుండా ఉంచమని ఆపేశాడు."

నవ్వించాడు గాని తను నవ్వలేదు. జనం వచ్చేవారు. "అన్నా, తీగ మీద..." అని కండక్టరు సగంలో ఆగి, ఉత్త తీగని చూసి, యూనిఫారాలు పెట్టేసి వెళ్ళేవాడు. ఒకసారి ప్యాంటు కాలులో పుస్తకం దాచి పంపాడు. బాబాయి దాన్ని తెరవలేదు. అట్ట ముడతలు మాత్రం గుడ్డ వేసి సాపు చేసి, మళ్ళీ అదే కాలులో పెట్టి పంపించాడు. క్లిప్పులు పెట్టేవాళ్ళు లేక నర్సమ్మ పుస్తకాల్లో జనం మళ్ళీ చచ్చిపోవడం మొదలుపెట్టారు.

నేను మూటలు పట్టుకుని మేడ మెట్లెక్కుతుంటే మూడో అంతస్తులో కాళ్ళు ఆగిపోయేవి. బెల్లు దాకా చెయ్యి వెళ్ళేది. మళ్ళీ వెనక్కి వచ్చేది. మూట గుమ్మం పక్కన పెట్టి దిగిపోయేదాన్ని.

ఏడో వారంలో వకీలమ్మే కొట్టుకి వచ్చింది. ఒంటి మీద అదే కోటు, అతుకుతో సహా. బాబాయి గబగబా బల్ల సర్దాడు. ఆవిడ గోడనీ, తీగనీ, అరల్నీ చూసింది. పుస్తకమన్నది లేదు.

"నిన్న మా సంఘం మీటింగు. లిఫ్టు గురించి మాట్లాడమని పిలిస్తే, గంటసేపు నీ గురించి మాట్లాడారు. ముగ్గురు అక్కచెల్లెళ్ళ రెండో భాగం ఎవరింట్లో ఉందో తేలక రెండిళ్ళవాళ్ళు నా ముందే పోట్లాడుకున్నారు. ఇంతకీ ఏముందయ్యా ఆ పుస్తకాల్లో?"

"ఏం చెప్పనమ్మా."

"అన్నీ వద్దు. నా కోటు కాల్చిన పుస్తకం ఒక్కటి చెప్పు. కోటు పోగొట్టుకున్నదాన్ని, దేనికి పోయిందో తెలుసుకునే హక్కు నాకుంది."

ఇరవై ఏళ్ళలో ఏ పుస్తకం గురించి అడిగినా బాబాయి తడుముకోలేదు. ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"పడవ ఉంటుందమ్మా అందులో."

"పడవ. తర్వాత?"

"నీళ్ళు."

"పడవ, నీళ్ళు" అంది వకీలమ్మ. "వీటి కోసం నా కోటు కాల్చావా?"

"ఒకావిడ కూడా ఉంటుంది" అన్నాడు బాబాయి, చెమట తుడుచుకుంటూ.

నా చేతిలో సగం మడిచిన దుప్పటి ఉంది. దాన్ని అలాగే పట్టుకుని లేచి నిలబడ్డాను. మాటలు ఎప్పటిలాగే పళ్ళ వెనక వరసకట్టాయి. ఈసారి ముందున్నదాన్ని వెనకవి తోసేశాయి.

"ఆవిడ ముప్పై ఏళ్ళుగా పడవ నడుపుతుందండీ. రేవుకి పెద్ద వంతెన వస్తుంది. ఇక పడవ ఎవరూ ఎక్కరు. అందరూ ఆవిడ మీద జాలిపడతారు. ఆవిడ మాత్రం రోజూ వెళ్ళి వంతెన కట్టేవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చి వస్తుంది. ఎందుకో చెప్పదు. మనం తిట్టుకుంటాం, నీకు బుద్ధి లేదా, నీ పొట్ట కొట్టేవాళ్ళకి నీళ్ళిస్తావా అని. వంతెన అయిపోతుంది. ఆ రోజు ఆవిడ రేవుకొచ్చి, పడవ కట్టిన తాడుని తనే కోసేస్తుంది."

"అమ్ముకోవచ్చుగా?"

"అదేనండీ. నేనూ అలాగే అనుకున్నాను. కోసి, వదిలేయదు. ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అడ్డంగా తిరిగిందేగాని నది పొడుగునా ఒక్కసారీ వెళ్ళలేదు. వంతెన ఎప్పుడవుతుందా, ఎప్పుడు వెళదామా అని చూస్తోందన్నమాట. మనకి అప్పటిదాకా తెలియదు."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. దుప్పటి చివర నేలకి తగిలింది. బాబాయి పెట్టె నిలబెట్టి వింటున్నాడు.

వకీలమ్మ కోర్టులో అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"తాడు కోసేది ఏ పేజీలో?"

"నూట నలభై రెండు" అన్నాను.

అడిగిన వెంటనే వచ్చేసింది. ఆవిడ నన్ను చూసింది. బాబాయిని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"సరే" అంది. "కేసు నాకు అర్థమైంది."

బాబాయి నోరు తెరవబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది. "వాదనలు అయిపోయాయి. ఆ పుస్తకం నాకు పంపించు. ఉత్త తీగతో ఈ గోడ ఏమీ బాగాలేదు, దాని మీద ఏదో ఒకటి పెట్టు. మూడో నియమం ఒకటి రాసుకోండి. నల్లకోటు బల్ల మీద ఉన్నంతసేపు పుస్తకం మూసేసి, మొహం గోడకి తిప్పి ఉంచాలి. మీ ఇద్దరికీ వర్తిస్తుంది."

ఆవిడ వీధి దాటి వెళ్ళేదాకా బాబాయి కదలలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పేజీ నంబరు చెప్పకుండా ఉండాల్సింది."

"ఎందుకు?"

"వకీళ్ళకి నంబరు చాలు." అని, ఇక ఆపుకోలేక నవ్వాడు. "అయినా బాగుంది కాకుండా ఇంకేదైనా చెప్పమంటే రెండేళ్ళు తీసుకున్నావు. చెప్పినప్పుడు మాత్రం నూట నలభై రెండు పేజీలూ చెప్పేశావు."

నాలుగు రోజులకి వకీలమ్మ మూట వచ్చింది. మీద పడవావిడ పుస్తకం, లోపల చీటీ. "చదివాను. ఒక కోటుకి తగ్గ పుస్తకమే. రెండో కోటు జోలికి మాత్రం రావద్దు. ఇలాంటిది ఇంకేమైనా ఉంటే ఆ అమ్మాయిని ఎంచి పంపమనండి."

గడియారాలాయన పుస్తకం పంపాను. ఆవిడ చేతికి గడియారం పెట్టుకుని కూడా గోడ గడియారం వైపే చూస్తుందని మూటలు ఇచ్చేటప్పుడు గమనించాను.

పుస్తకాలు మంచం కింద నుంచి కొట్టుకి తిరిగొచ్చాయి. నర్సమ్మ పుస్తకాలకి ఇప్పుడు క్లిప్పులు నేను పెడుతున్నాను. కండక్టరు గుమ్మంలోంచి, "అన్నా, తీగ మీద ఏముంది?" అంటే బాబాయి నన్ను చూపిస్తాడు. నేను ఇప్పటికీ మొదటి మాటకి కొంచెం ఆగుతాను. ఆయన బస్సు టైము చూసుకుంటూ ఆగుతాడు.

వీధిలో కథ మాత్రం ఆగలేదు. మొన్న కొత్తగా మేడలో దిగినవాళ్ళు మూట ఇస్తూ, "పుస్తకం చదువుతూ కొట్టు తగలబెట్టుకున్నది మీరేనా?" అని బాబాయినే అడిగారు. "నేనేనండీ" అన్నాడు. "మీరేం చదువుతుంటారు?"

ఆ కోటు కాలిన మధ్యాహ్నం బాబాయి కళ్ళజోడు విరిగి బాగుచేతకి వెళ్ళింది. అది లేకుండా ఆయనకి అక్షరం ముక్క కనబడదు. అందుకే అప్పుడు వెనక కూర్చుని దుప్పట్లు మడతపెడుతున్నది ఆయన, పెట్టె ఉన్నది నా చేతిలో.